ఫ్రెంచ్‌లో లు, లా, లే: కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచ్ మాటలన్నీ ఇక్కడ ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలోనే రాశాను. అరసున్న కనిపిస్తే దాని ముందున్న అచ్చును ముక్కుతో పలకాలి, చివర 'న్' గానీ 'మ్' గానీ వినిపించకూడదు. స్పెల్లింగ్ ముఖ్యమైన చోట అక్షరాలు విడిగా చెప్పాను.

డెఫినిట్ ఆర్టికల్స్ మొత్తం ఎన్ని?

డెఫినిట్ ఆర్టికల్ అంటే నామవాచకం ముందు వచ్చే, కొంతవరకు ఇంగ్లీష్ 'ది' లాంటి చిన్న మాట. దానికి నాలుగు రూపాలు. పుంలింగ ఏకవచనానికి లు, స్త్రీలింగ ఏకవచనానికి లా, బహువచనానికి లింగంతో పనిలేకుండా లే. ఏకవచనంలో తర్వాతి మాట అచ్చుతో మొదలైతే లు, లా రెండూ పొట్టిదైపోయి ఒట్టి ల్ మిగులుతుంది.

లు లీవ్ర్ అంటే పుస్తకం. లా తాబ్ల్ అంటే బల్ల. లెకోల్ అంటే బడి. లే లీవ్ర్ అంటే పుస్తకాలు.

స్పెల్లింగ్‌లో లు అంటే ఎల్, ఇ. లా అంటే ఎల్, ఎ. లే అంటే ఎల్, ఇ, ఎస్. చివరి ఎస్ పలకదు. ల్ అంటే ఎల్ పక్కన అపాస్ట్రఫీ, తర్వాతి మాట దానికి అతుక్కుని వస్తుంది.

మనకి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. తెలుగులో 'లు' అనగానే బహువచనం గుర్తొస్తుంది, అదీ మాట చివర. ఇక్కడ మాట ముందు వస్తుంది, పైగా ఏకవచనం. నాలుగు రోజులు గట్టిగా చదివితే ఈ తికమక పోతుంది. పలకడంలో కూడా ఇది మన 'లు' కాదు: పెదాలు కొంచెం గుండ్రంగా పెట్టి, పొట్టిగా, ఒత్తు లేకుండా వదిలేయాలి. 'లె' అని పలికితే ఎదుటివాళ్లకి బహువచనంలా వినిపిస్తుంది. ఆ తప్పు ఎందుకు ఖరీదైనదో కింద చెప్తాను.

తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు కదా, అసలు దీన్ని ఎలా పట్టుకోవాలి?

మాట లేదు గానీ ఆ తేడా మనకీ తెలుసు. 'పుస్తకం చదివాను' అంటే ఏదో ఒక పుస్తకం కావచ్చు. 'పుస్తకాన్ని చదివాను' అంటే ఏ పుస్తకం గురించో వినేవాళ్లకి ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. మనం 'ని'తోనూ, 'ఆ'తోనూ చేసే పనిలో కొంత ఫ్రెంచ్‌లో ఆర్టికల్ చేస్తుంది.

ఫ్రెంచ్‌కి తల్లి అయిన లాటిన్‌లో కూడా ఆర్టికల్స్ లేవు. అందులో 'ఆ' అనే అర్థంలో వాడే ఇల్లె, ఇల్లా అనే మాటలే జనం నోట్లో అరిగి అరిగి లు, లా అయ్యాయి. కాబట్టి 'ఆ' అనే భావంతో మొదలుపెట్టడం తప్పు కాదు, కానీ అక్కడే ఆగితే సగం వాడుకే తెలుస్తుంది. మిగతా సగం తర్వాతి ప్రశ్నలో ఉంది.

ఇంగ్లీష్‌లో 'ది' ఉన్నచోటల్లా లు, లా, లే పెడితే సరిపోదా?

సరిపోదు. కొత్తవాళ్ల తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడినుంచే వస్తుందని నా అభిప్రాయం. మనలో చాలామంది ఫ్రెంచ్‌ని ఇంగ్లీష్ పుస్తకాల ద్వారా నేర్చుకుంటాం. లు అంటే 'ది' అని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. అది నమ్మితే ఇక ప్రతి రెండో వాక్యంలో ఇబ్బందే.

ఒక జాతి మొత్తం గురించో, ఒక వస్తువు గురించి సాధారణంగానో మాట్లాడేటప్పుడు ఇంగ్లీష్ ఆర్టికల్ తీసేస్తుంది. ఫ్రెంచ్ తప్పకుండా పెడుతుంది. ఇంగ్లీష్‌లో 'ఐ లైక్ కాఫీ' అనేది ఫ్రెంచ్‌లో 'జెమ్ లు కాఫే'. ఇక్కడ లు కాఫే అంటే 'ఆ కాఫీ' కాదు, కాఫీ అనే పదార్థం. 'లే షా దొర్మ్ బోకూ' అంటే పిల్లులు బాగా నిద్రపోతాయి, అంటే లోకంలోని పిల్లులన్నీ. ఎదురుగా ఉన్న రెండు పిల్లుల్ని చూపిస్తూ అన్నా వాక్యం ఇదే. ఏ అర్థమో సందర్భం చెప్తుంది.

గుణాలు, భావాలు కూడా అంతే: లా పాస్యాఁస్ అంటే సహనం, లా లిబెర్తే అంటే స్వేచ్ఛ, లామూర్ అంటే ప్రేమ. వాక్యం వీటితో మొదలైతే ముందు ఆర్టికల్ ఉండాల్సిందే.

ఇది చదివి కొందరికి వెంటనే ఒక సందేహం వస్తుంది. ఫ్రాన్స్ జాతీయ నినాదం 'లిబెర్తే, ఎగాలితే, ఫ్రాతెర్నితే' కదా, మరి అందులో లా ఏది? నిజమే, లేదు. నినాదాల్లో, బోర్డుల మీద, వరుసగా మాటలు పేర్చే చోట ఆర్టికల్స్ రాలిపోతాయి. నాణేల మీద, మునిసిపల్ భవనాల మీద చెక్కే మాటలకి వ్యాకరణం కొంచెం సడలుతుంది. అదే మాటని వాక్యంలోకి తెస్తే లా వెంటనే తిరిగొస్తుంది.

నేనిచ్చే సలహా ఒకటే: ఫ్రెంచ్ నామవాచకం ముందు ఏదో ఒకటి ఉండడమే మామూలు అనుకోండి. 'ఇక్కడ ఎందుకు పెట్టాలి' అని కాకుండా 'ఇక్కడ తీసేయడానికి కారణం ఏమైనా ఉందా' అని అడగండి.

కాఫీ ఇష్టం అంటే లు కాఫే, కాఫీ తాగుతున్నాను అంటే ద్యు కాఫే. ఎందుకీ తేడా?

ఇష్టం మొత్తం కాఫీ మీద. తాగేది అందులో కొంత. ఫ్రెంచ్ ఈ రెంటినీ కచ్చితంగా వేరు చేస్తుంది.

ఎమె, అదొరె, దెతెస్తె, ప్రెఫెరె వంటి ఇష్టాయిష్టాల క్రియల తర్వాత లు, లా, లే. తినడం, తాగడం, కొనడం లాంటి పనుల్లో 'కొంత' అనే అర్థం ఉంటే ద్యు, దు లా, దు ల్. దీన్ని పార్టిటివ్ ఆర్టికల్ అంటారు.

కేకుతో చూస్తే తేడా బాగా కనిపిస్తుంది. 'జు మాఁజ్ ద్యు గాతో' అంటే కేకు కొంచెం తింటున్నాను. 'జు మాఁజ్ లు గాతో' అంటే ఇద్దరికీ తెలిసిన ఫలానా కేకుని తింటున్నాను, బహుశా మొత్తం. ఎవరికోసమో దాచిన కేకు అయితే రెండో వాక్యం అనే ముందు ఒకసారి ఆలోచించుకోవడం మంచిది!

'కాదు, లేదు' అనేటప్పుడు తేడా ఇంకా స్పష్టం. 'జు నెమ్ పా లు కాఫే' అంటే కాఫీ ఇష్టం లేదు, లు కదలలేదు. 'జు ను బ్వా పా దు కాఫే' అంటే కాఫీ తాగను. ఇక్కడ ద్యు కాస్తా దు అయింది. డెఫినిట్ ఆర్టికల్ వ్యతిరేకార్థంలోనూ మారదు. పార్టిటివ్ మారుతుంది. పరీక్షల్లో దీని మీద ప్రశ్న దాదాపు ఖాయం.

బల్ల స్త్రీలింగం ఎలా అయింది? పుస్తకం పుంలింగం ఎలా అయింది?

కారణం వెతక్కండి. ఫ్రెంచ్‌లో నపుంసకలింగం లేదు, కాబట్టి ప్రతి మాటా అటో ఇటో పడాలి. చాలా మాటలకి లింగం లాటిన్ నుంచి వచ్చిన వారసత్వం. వస్తువు స్వభావంతో దానికి సంబంధం లేదు.

ఇది వింతగా అనిపిస్తే తెలుగుని ఒకసారి చూడండి. మన దగ్గర 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' రెంటికీ ఒకటే క్రియ. అమ్మాయీ బస్సూ ఒకటని ఎవరూ అనుకోరు. వ్యాకరణంలో లింగం అంటే మాటల్ని గుంపులుగా విడగొట్టడం, అంతే. ఫ్రెంచ్‌లో లా పెర్సొన్ అంటే మనిషి. ఆ మనిషి మగవాడైనా మాట స్త్రీలింగమే. లా విక్తీమ్ అంటే బాధితుడైనా బాధితురాలైనా లా తప్పదు.

హిందీ వచ్చినవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడి లింగాన్ని ఇక్కడికి మోసుకురావద్దు. కితాబ్ హిందీలో స్త్రీలింగం, లీవ్ర్ ఫ్రెంచ్‌లో పుంలింగం. మేజ్, తాబ్ల్ రెండూ స్త్రీలింగమే కావడం కాకతాళీయం.

మాట చివర చూసి లింగం చెప్పే ఉపాయం ఉందా?

ఉంది, పూర్తిగా నమ్మదగింది కాదు గానీ బాగా పనికొస్తుంది. 'స్యోఁ' అని వినిపించే టి, ఐ, ఓ, ఎన్ అక్షరాలతో ముగిసేవి దాదాపు అన్నీ స్త్రీలింగం: లా నాస్యోఁ, లా స్తాస్యోఁ. 'తే'తో ముగిసే భావవాచకాలు కూడా స్త్రీలింగమే: లా లిబెర్తే, లా బోతే. అలాగని ఎండాకాలం అనే అర్థమున్న ఎతే స్త్రీలింగం అనుకుంటే పొరపాటు, అది పుంలింగం.

పుంలింగం వైపు 'మాఁ' అని వినిపించే ఎమ్, ఇ, ఎన్, టి ముగింపు గట్టిది: లు గువెర్నుమాఁ అంటే ప్రభుత్వం. 'ఇజ్మ్'తో ముగిసేవీ పుంలింగమే. 'ఆజ్' ముగింపు మాటలు చాలావరకు పుంలింగం: లు విలాజ్, లు వొయాజ్, లు ఫ్రొమాజ్. కానీ ఈ గుంపులోనే బాగా వాడే ఎగస్పార్టీలు కొన్నున్నాయి: లా ప్లాజ్ అంటే సముద్రతీరం, లా పాజ్ అంటే పేజీ, లా కాజ్ అంటే పంజరం, లిమాజ్ అంటే బొమ్మ. ఇవన్నీ స్త్రీలింగం. 'ఓ' అని పలికే ఇ, ఎ, యు ముగింపు కూడా అంతే: లు బాతో పడవ, లు షాపో టోపీ, ఇవి పుంలింగం. నీళ్లు అనే లో, చర్మం అనే లా పో మాత్రం స్త్రీలింగం.

చివర ఇ ఉంటే స్త్రీలింగం అనే సూత్రం కూడా తిరుగుతూ ఉంటుంది. దాన్ని నేను సిఫారసు చేయను. మొదటి పాఠంలోని లీవ్ర్‌కే అది పనికిరాదు.

మరి కొత్త మాటల్ని ఎలా రాసుకోవాలి?

ఎప్పుడూ ఆర్టికల్‌తో కలిపి. నోట్స్‌లో ఒట్టి 'తాబ్ల్' అని రాసుకుంటే సగం మాటే రాసుకున్నట్టు. లా తాబ్ల్ అని రాసుకుని, అలాగే పైకి చదవాలి.

అచ్చుతో మొదలయ్యే మాటల దగ్గర ఇది పనిచేయదు. లెకోల్, లోతెల్ అని రాసుకుంటే లింగం దాగిపోతుంది. అలాంటివాటిని అఁ, యూన్ ('ఒక' అని అర్థం) అనే ఇండెఫినిట్ ఆర్టికల్‌తో రాసుకోండి: యూన్ ఎకోల్ స్త్రీలింగం, అన్ ఓతెల్ పుంలింగం. అన్ ఓతెల్‌లో మామూలుగా పలకని ఎన్ బయటికొచ్చింది చూశారా? అదీ చెవికి ఒక గుర్తే. డిక్షనరీలో మాట పక్కన ఎన్, ఎమ్ అని పొడి అక్షరాలుంటే పుంలింగం, ఎన్, ఎఫ్ అని ఉంటే స్త్రీలింగం.

రంగులతో రాసుకోవడం లాంటివి కొందరికి పనిచేస్తాయి. పనిచేస్తే చేయండి.

హెచ్‌తో మొదలయ్యే మాటల ముందు ఒకసారి ల్, ఒకసారి లు ఎందుకు?

ఫ్రెంచ్‌లో హెచ్ ఎప్పుడూ పలకదు. అయినా రెండు రకాల హెచ్‌లు ఉన్నాయి. మొదటి రకం అసలు లేనట్టే లెక్క: లొమ్ అంటే మనిషి, లోతెల్, లోపితాల్, లిస్త్వార్. రెండో రకాన్ని 'అష్ ఆస్పిరే' అంటారు. పలకదు గానీ గోడలా అడ్డం నిలబడుతుంది, ఆర్టికల్‌ని అతుక్కోనివ్వదు: లు ఆరికో అంటే బీన్స్ కాయ, లా ఓఁత్ అంటే సిగ్గు, లా ఒలాఁద్ అంటే హాలండ్. ఈ రెండో రకంలో చాలా మాటలు జర్మానిక్ భాషల నుంచి వచ్చాయి. ఏది ఏ రకమో చూసి చెప్పలేం. డిక్షనరీలో రెండో రకం ముందు నక్షత్రమో, అపాస్ట్రఫీ లాంటి గుర్తో ఉంటుంది.

బాగా గుర్తుండిపోయే జంట లు ఎరో, లెరోయీన్. నాయకుడికి హెచ్ గోడ ఉంది, నాయికకి లేదు. నాయకుడికి గోడ ఉండడమే మంచిదైంది. బహువచనంలో గోడ లేకపోతే లే ఎరో కాస్తా లేజెరో అయ్యేది, అంటే సున్నాలు!

హెచ్ లేకపోయినా అతుక్కోనివి కొన్నున్నాయి: లు ఓఁజ్ అంటే పదకొండు, లు వీ అంటే 'అవును' అనే మాట, లు యోగా.

ఇంకొక్కటి. ల్ అవుతుందా లేదా అనేది పక్కనే ఉన్న మాటని బట్టి, నామవాచకాన్ని బట్టి కాదు. లొమ్ మధ్యలోకి విశేషణం వస్తే లు జన్ ఓమ్, అంటే యువకుడు.

బహువచనం చెవికి ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు ఆర్టికల్ ద్వారానే. రాతలో చివర ఎస్ చేరుతుంది గానీ అది పలకదు, కాబట్టి పుస్తకం, పుస్తకాలు రెండూ లీవ్ర్ అనే వినిపిస్తాయి. లు లీవ్ర్, లే లీవ్ర్: తేడా అంతా ముందున్న అచ్చులోనే ఉంది. తెలుగులో మాట చివర వినడం మనకి అలవాటు. ఇక్కడ చెవి ముందుకి పెట్టాలి. లు, లే సరిగా పలకకపోతే ఒకటా, పదా అన్నది వినేవాళ్లకి తెలియదు.

తర్వాతి మాట అచ్చుతో మొదలైతే లే చివర దాగిన ఎస్ 'జ్'గా బయటికొస్తుంది: లేజమీ అంటే స్నేహితులు, లేజాఁఫాఁ అంటే పిల్లలు. ఈ కలపడాన్ని లియేజోఁ అంటారు. లే తర్వాత ఇది తప్పనిసరి.

ఓ, ద్యు ఎక్కడినుంచి వచ్చాయి?

ఇవి మన సంధి లాంటివే. ఫ్రెంచ్‌లో ఆ అంటే మన 'కి', దు అంటే మన 'యొక్క' లాంటి మాటలు. ఆ, లు కలిస్తే ఓ. ఆ, లే కలిసినా ఓ, రాతలో మాత్రం చివర ఎక్స్ చేరుతుంది. దు, లు కలిస్తే ద్యు. దు, లే కలిస్తే దే. ఇవి ఐచ్ఛికం కాదు, విడదీసి పలికితే తప్పే. లా, ల్ మాత్రం ఎవరితోనూ కలవవు.

జు వే ఓ సినెమా: సినిమాకి వెళ్తున్నాను. జు వే ఆ లా గార్: స్టేషన్‌కి వెళ్తున్నాను. లా పోర్త్ ద్యు బ్యూరో: ఆఫీసు తలుపు.

ఊరి పేరులో ఉన్న లు కూడా ఇలాగే కరిగిపోతుంది. లు మాఁ అనే ఊరికి వెళ్లాలంటే ఓ మాఁ. 1923లో మొదలైన అక్కడి 24 గంటల కార్ల పందెం పేరు చివర ద్యు మాఁ అని ఉండేది అందుకే. లా రొషెల్‌కి వెళ్లాలంటే మాత్రం ఆ లా రొషెల్, మార్పు లేదు.

లు ఆర్టికల్‌గా కాకుండా 'దాన్ని' అనే సర్వనామంగా వస్తే సంధి జరగదు: దు లు ఫేర్ అంటే దాన్ని చేయడం. దీన్ని ద్యు ఫేర్ అనకూడదు.

చేతులు కడుక్కున్నాను అనడానికి 'నా చేతులు' అనాలా?

అక్కర్లేదు. ఇక్కడ తెలుగువాళ్లకి ఇంగ్లీష్ కంటే సొంత భాషే దారి చూపిస్తుంది. మనం 'నా చేతులు కడుక్కున్నాను' అనం. 'కడుక్కున్నాను'లోని 'కొను' ఎవరి చేతులో చెప్పేస్తుంది. ఫ్రెంచ్ కూడా అంతే: జు ము లావ్ లే మెఁ. ము అనేది 'కొను' పని చేస్తుంది, చేతుల ముందు ఒట్టి లే చాలు. తలనొప్పికి జే మాల్ ఆ లా తెత్. ఇంగ్లీష్‌ని మధ్యవర్తిగా పెట్టుకుంటేనే 'నా' దూరుతుంది.

వారాల పేర్ల ముందు లు పెట్టాలా?

పెడితే ఒక అర్థం, తీసేస్తే ఇంకో అర్థం. లు లఁది అంటే ప్రతి సోమవారం. ఒట్టి లఁది అంటే ఈ సోమవారమో, మొన్న సోమవారమో, ఒక్క రోజు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు జాగ్రత్త.

తేదీల ముందు లు ఉంటుంది: ఫ్రాన్స్ జాతీయ దినం లు కతార్జ్ జ్వియే, అంటే జులై 14. ఎనిమిది, పదకొండు అంకెల ముందు కూడా లు పొట్టిదవదు: లు వి మే, లు ఓఁజ్ నొవాఁబ్ర్. మే 8, నవంబర్ 11 రెండూ ఫ్రాన్స్‌లో సెలవులు కాబట్టి ఇవి తరచూ వినిపిస్తాయి.

దేశాల పేర్లకి కూడా ఆర్టికల్ ఉంటుందా?

చాలావాటికి ఉంటుంది. లా ఫ్రాఁస్, లా షీన్, లు జపోఁ, లు బ్రెజీల్, లెఁద్ అంటే ఇండియా, లేజెతాజ్యూని అంటే అమెరికా. స్పెల్లింగ్ చివర ఇ ఉన్న దేశాలు సాధారణంగా స్త్రీలింగం, లు మెక్సీక్, లు కాఁబోజ్ లాంటివి మినహాయింపు. క్యూబా, సింగపూర్, ఇజ్రాయెల్, మడగాస్కర్‌ల ముందు ఏమీ రాదు.

ఆ దేశానికి వెళ్తున్నాం, అక్కడ ఉన్నాం అనేటప్పుడు లింగం అవసరం పడుతుంది. స్త్రీలింగ దేశాలకి ఆర్టికల్ పోయి ఆఁ వస్తుంది: ఆఁ ఫ్రాఁస్, ఆన్ ఎఁద్. హల్లుతో మొదలయ్యే పుంలింగానికి ఓ: ఓ జపోఁ. అచ్చుతో మొదలయ్యే పుంలింగ దేశాలూ ఆఁ గుంపులోకే వస్తాయి. బహువచనానికి ఓజెతాజ్యూని.

ఆర్టికల్ అసలు పెట్టకూడని చోట్లు?

వృత్తి చెప్పేటప్పుడు: జు స్వీ ప్రొఫెసర్, నేను టీచర్‌ని. చాలా ఊళ్ల పేర్ల ముందు. భాషల విషయంలో కొంచెం మెలిక ఉంది. జాప్రాఁ లు ఫ్రాఁసే అంటే ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను, లు ఉంది. జు పార్ల్ ఫ్రాఁసే అంటే ఫ్రెంచ్ మాట్లాడతాను, ఇక్కడ సాధారణంగా లు ఉండదు. భాషల పేర్లన్నీ పుంలింగం కాబట్టి ఆ టెన్షన్ అయినా లేదు.

ఒకే మాట లుతోనూ, లాతోనూ కనిపిస్తే తప్పు ఎవరిది?

ఎవరిదీ కాకపోవచ్చు, అవి రెండు వేరే మాటలు కావచ్చు. లు లీవ్ర్ పుస్తకం, లా లీవ్ర్ పౌండు. లు తూర్ అంటే చుట్టు తిరగడం, సైకిల్ పందెం తూర్ దు ఫ్రాఁస్ అదే. లా తూర్ అంటే టవర్, ఈఫిల్ టవర్ లా తూర్ ఎఫెల్.

మనుషుల విషయంలో ఆర్టికల్ ఒక్కటే మారే మాటలున్నాయి. మంత్రి మహిళ అయితే లా మినీస్త్ర్. ఒకప్పుడు మహిళని కూడా లు మినీస్త్ర్ అనేవారు. వృత్తుల పేర్లకి స్త్రీలింగ రూపాలు వాడడానికి ఫ్రెంచ్ భాష బాగోగులు చూసే సంస్థ ఫ్రెంచ్ అకాడమీ 2019లో గానీ సరే అనలేదు, జనం అంతకు చాలా ముందే వాడేశారు.

అకాడమీ చెప్పినా జనం వినని సందర్భమూ ఉంది. 2020లో అది కోవిడ్ స్త్రీలింగం అని, లా కొవీద్ అనాలని చెప్పింది, ఎందుకంటే అది జబ్బు, జబ్బు అనే మాట లా మాలాదీ. అప్పటికే అందరి నోటా లు కొవీద్ స్థిరపడిపోయింది. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఎక్కువగా వినిపించేది అదే.

తప్పు ఆర్టికల్ పెడితే ఎదుటివాళ్లకి అర్థం అవుతుందా?

లు తాబ్ల్ అన్నా బల్ల అనే అర్థం చేసుకుంటారు. నవ్వితే నవ్వుతారు, అంతే. అర్థం చెడిపోయేవి వేరే ఉన్నాయి: లు బదులు లే, తూర్ లాంటి జంటలు, లు లఁదికి బదులు లఁది. కాబట్టి మాట్లాడేటప్పుడు లింగం గుర్తురాక ఆగిపోవద్దు, ఏదో ఒకటి అనేసి ముందుకి వెళ్లండి. ఏకవచనమా బహువచనమా అన్నది మాత్రం నోటితో స్పష్టంగా పలకండి. రాసేటప్పుడు డిక్షనరీ తెరవడానికి టైం ఉంటుంది.